అతిమానవుని ప్రేమకథ – అభిమాని కలం

పాఠకులు రెండు విధాలు. కథ ముగియగానే పుస్తకం మూసి, దీపం ఆర్పి, నిశ్చింతగా నిద్రించేవారు మొదటి విధం. కథ ముగిసిన చోటనే మేల్కొని, "తరువాత ఏమైంది? ఆ క్షణంలో ఆమె మనసులో ఏమున్నది?" అని తమలో తాము ప్రశ్నించుకొని, జవాబు దొరకక, చివరకు తామే కాగితం, కలం చేతికి తీసుకొనేవారు రెండవ విధం. ఈ రెండవ విధం వారు వ్రాసేదానిని పాశ్చాత్య దేశాలలో ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. మనం దానిని అభిమాన రచన అనుకొందాం. ఇతరులు సృష్టించిన పాత్రలను గ్రహించి, వాటిమీది మమకారంతో, ప్రతిఫలం ఆశించకుండా, తన తృప్తికీ తనవంటి అభిమానుల తృప్తికీ వ్రాసే కథ అని దీనికి స్థూలంగా నిర్వచనం చెప్పవచ్చు.

ఈ విషయాన్ని గూర్చి వ్రాయడానికి నన్ను పురికొల్పినది ఒక చిన్న సంఘటన. కొన్ని సంవత్సరాల క్రిందట నేను వార్షిక సంచిక సంపాదకవర్గంలో ఒక సభ్యుడిగా ఉన్నాను. డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె నాలుగు పుటల కథ తెచ్చి ఇచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, కళాశాలలో తెలుగు ద్వితీయ భాషగా చదువుతున్న అమ్మాయి. కథలోని పాత్రల పేర్లు లోయిస్, క్లార్క్. మేము మొదటి పేరా దాటకుండానే, "ఇవి పరాయివారి పాత్రలు. నీ స్వంత కథ వ్రాసి తీసుకొని రా" అని చెప్పి కాగితాలు త్రిప్పి ఇచ్చివేశాము. ఆమె వాదించలేదు. గుమ్మం దగ్గర ఆగి, "సార్, ఆ సీరియల్ మధ్యలో ఆగిపోయింది. చివర్లో ఒక పసిబిడ్డ కనిపిస్తుంది. ఆ బిడ్డ ఎవరో ఎవరూ చెప్పలేదు. అందుకే వ్రాశాను" అని మాత్రం అన్నది.

ఆ మాట చాలా రోజులు నా చెవిలో మెదులుతూనే ఉన్నది. కుతూహలం కొద్దీ ఆ ధారావాహికను సంపాదించి చూచాను. దాని పుట్టుపూర్వోత్తరాలను చదివాను. చదివినకొద్దీ మేము త్రిప్పి ఇచ్చినది ఏమిటో కొంతకు కొంత బోధపడింది. ఆ తెలిసినదానిని విద్యార్థుల ముందు, కళాశాల సంఘంలోని పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోనే ఉన్న విశేషం

అమెరికాలోని ఏ.బి.సి. టెలివిజన్ సంస్థ 1993 సెప్టెంబరు 12న ప్రసారం ప్రారంభించిన ఈ ధారావాహిక పేరు 'లోయిస్ అండ్ క్లార్క్: ది న్యూ అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మాన్'. దీనికి రూపకల్పన చేసినది డెబొరా జాయ్ లెవైన్ అనే రచయిత్రి. లోయిస్ లేన్‌గా టెరీ హ్యాచర్, క్లార్క్ కెంట్‌గా డీన్ కేన్ నటించారు. నాలుగు విడతలుగా సాగి 1997 జూన్ 14న ముగిసింది. 1804లో అమెరికా ఖండం పడమటి కొసను వెదకుతూ బయలుదేరిన లూయిస్, క్లార్క్ అనే ఇద్దరు యాత్రికుల జంట పేరు అక్కడి బడిపిల్లలందరికీ తెలిసినదే. ఆ పేరుమీద శ్లేషగా ఈ పేరు పెట్టారు. అంతకంటె గమనించదగినది మరొకటి ఉన్నది. జగత్ప్రసిద్ధుడైన సూపర్‌మాన్ ఇందులో ఉపశీర్షికకు దిగిపోయాడు. మొదటి స్థానం ఒక స్త్రీది. రెండవ స్థానం కళ్ళద్దాలు పెట్టుకొన్న ఒక సామాన్య విలేఖరిది. ఈ కథ ఎవరిదో పేరే చెబుతున్నది.

కథ మూలం తెలియనివారికోసం రెండు మాటలు. క్రిప్టాన్ అనే గ్రహం నాశనమయ్యే సమయంలో ఒక శిశువును తల్లిదండ్రులు చిన్న నౌకలో ఉంచి భూమికి పంపుతారు. కాన్సస్ రాష్ట్రంలోని స్మాల్‌విల్ అనే పల్లెలో జొనాథన్, మార్తా అనే రైతు దంపతులు ఆ బిడ్డను పెంచుకొని క్లార్క్ అని పేరు పెడతారు. అతనికి ఎగరగల శక్తి, కొండను కదిలించగల బలం ఉన్నవి. పెద్దవాడై మెట్రోపొలిస్ నగరానికి వచ్చి 'డెయిలీ ప్లానెట్' దినపత్రికలో విలేఖరిగా చేరతాడు. అదే పత్రికలో లోయిస్ పేరుపొందిన విలేఖరి. ఆమె ఆకాశంలో ఎగిరే వీరుణ్ణి ఆరాధిస్తుంది. ప్రక్క బల్ల దగ్గర కూర్చొనే క్లార్క్‌ను మిత్రుడుగా మాత్రమే చూస్తుంది. ఇద్దరూ ఒక్కడే అని ఆమెకు తెలియదు.

ఈ చిక్కుముడి కొత్తది కాదు. 1938లో సూపర్‌మాన్ తొలిసారి అచ్చయిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలోనే లోయిస్ కూడ ఉన్నది. అయితే చాలాకాలం క్లార్క్ ఒక ముసుగు మాత్రమే. 1978లో క్రిస్టొఫర్ రీవ్ నటించిన చలనచిత్రంలో సైతం క్లార్క్ పిరికితనం, తడబాటు అంతా నటన. అసలు మనిషి సూపర్‌మానే. 1986లో జాన్ బర్న్ అనే చిత్రకార రచయిత బొమ్మల కథలలో ఈ వరుసను తారుమారు చేశాడు. పల్లెటూరి దంపతుల పెంపకంలో పెరిగిన క్లార్కే అసలు మనిషి, ఎగిరే వీరుడు అతడు తొడుక్కొన్న వేషం అన్నాడు. టెలివిజన్ ధారావాహిక ఈ భావాన్నే పునాదిగా స్వీకరించింది. అందులో సూపర్‌మాన్ దుస్తులను కుట్టి ఇచ్చేది తల్లి మార్తాయే.

ఈ ఒక్క మార్పుతో కథలోని ప్రశ్నయే మారిపోయింది. వీరుడు నగరాన్ని ఎట్లా రక్షిస్తాడన్నది వెనుకకు పోయింది. ఆకాశంవైపు చూస్తున్న ఈ స్త్రీ తన ప్రక్కన ఉన్న మనిషిని ఎప్పుడు చూస్తుంది అన్నది ముందుకు వచ్చింది. అభిమానుల మనసు చిక్కుకొన్నది ఇక్కడనే. అద్భుత శక్తులు మనలో ఎవరికీ లేవు. కాని మనలోని మంచిని గుర్తించక, మన ప్రక్కనే కూర్చొని మరెవరినో మెచ్చుకొనే మనిషిని చూచి నొచ్చుకోని వారెవరు?

తెరమీద సాగిన దాగుడుమూతలు

1995 మే నెలలో రెండవ విడత చివరి భాగంలో క్లార్క్ లోయిస్‌ను వివాహమాడమని అడుగుతాడు. జవాబు వినిపించకుండానే తెర పడింది. ప్రేక్షకులు నాలుగు నెలలు వేచి ఉన్నారు. సెప్టెంబరులో మూడవ విడత మొదటి భాగంలో లోయిస్ అతని కళ్ళద్దాలు తీసి, తనను అడుగుతున్నది ఇద్దరిలో ఎవరని ప్రశ్నిస్తుంది. రహస్యాన్ని ఆమె తానుగా గ్రహించినది, అతడు చెప్పలేదు. ఇంతకాలం తనవద్ద దాచినందుకు ఆమె నొచ్చుకొంటుంది, వెంటనే అంగీకరించదు. ఇక్కడ అతిమానవుని బలం దేనికీ పనికిరాదు. ఇద్దరు మనుషుల మధ్య సత్యం ఎంత, విశ్వాసం ఎంత అన్నదే ముఖ్యమవుతుంది. ధారావాహిక సాధించిన ఘనత ఇదేనని నా అభిప్రాయం.

అయితే వ్యాపార కారణాలు కథకు అడ్డు వచ్చినవి. 1996 ఫిబ్రవరిలో వివాహ ఘట్టం అని ఘనంగా ప్రకటించారు. తీరా చూస్తే పెండ్లిపీట దగ్గర నిలిచినది లోయిస్ కాదు, ఆమె పోలికలతో కృత్రిమంగా తయారుచేసిన మరొకతె. ఆ తరువాత అసలు లోయిస్ జ్ఞాపకశక్తిని కోల్పోయిందని కొన్ని భాగాలు సాగదీశారు. చివరకు నిజమైన వివాహం 1996 అక్టోబరు 6న ప్రసారమైంది. ఇంతకాలం ఎదురుచూచిన ప్రేక్షకులలో కొందరికి ఓపిక నశించింది.

ఈ వివాహానికి సంబంధించి మరొక వింత చెప్పాలి. బొమ్మల కథల పుస్తకాలలో క్లార్క్, లోయిస్‌ల నిశ్చితార్థం 1990లోనే జరిగిపోయింది. పెండ్లి కథ వ్రాయడానికి ఆ రచయితలు సిద్ధమయ్యేసరికి టెలివిజన్ ధారావాహిక తలపెట్టబడింది. పుస్తకంలో పెండ్లి, తెరమీద పెండ్లి ఒకేసారి జరగాలనే ఉద్దేశంతో పుస్తకంలోని పెండ్లిని వాయిదా వేశారు. మధ్యలో ఏర్పడిన ఖాళీని పూరించడానికి రచయితలు ఆలోచించి, 1992 నవంబరులో సూపర్‌మాన్ మరణించినట్లు కథ వ్రాశారు. ఆ సంచిక లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది. తరువాత అతణ్ణి మళ్ళీ బ్రతికించారు. 1996 అక్టోబరులో పుస్తకంలోను, తెరమీదను ఒకే నెలలో పెండ్లి చేశారు. ఒక పెండ్లి వాయిదా పడినందువల్ల ఒక వీరుడు మరణించవలసి వచ్చింది! కథలను నడిపేది కథకుల మనోధర్మం ఒక్కటే కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

ఇక చివరి భాగం. వైద్యపరీక్షల అనంతరం లోయిస్, క్లార్క్ దంపతులకు సంతానం కలిగే అవకాశం లేదని తేలుతుంది. ఆ భాగం ముగిసేటప్పుడు వారి ఇంట్లో ఒక పసిబిడ్డ ప్రత్యక్షమవుతుంది. చుట్టిన దుప్పటిమీద సూపర్‌మాన్ చిహ్నం. ఆ బిడ్డ మీదే అని తెలిపే చీటీ ఒకటి. అంతే. ఐదవ విడత వస్తుందన్న ధైర్యంతో ఆ ముగింపు పెట్టారు. ఐదవ విడత రద్దయింది. ఆ బిడ్డ ఎవరన్న ప్రశ్నకు తెరమీద ఈనాటివరకు జవాబు లేదు.

అభిమాని చేసే పని

ఈ ధారావాహిక అభిమానులు తమను తాము 'ఫోల్క్స్' అని పిలుచుకొన్నారు. 'లోయిస్, క్లార్క్‌ల అభిమానులు' అనే ఆంగ్ల పదాల తొలి అక్షరాల కూర్పు అది. పలికితే 'జనం' అనే అర్థం కూడ వస్తుంది. వీరిలో కలం పట్టినవారు, ఆగిపోయిన కథను చేతులలోకి తీసుకొన్నారు. రాని ఐదవ విడతను తామే వ్రాసుకొన్నారు. ఇటువంటి రచనలు చేసేవారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలే అన్నది అమెరికాలో ఈ విషయాన్ని పరిశీలించినవారు సాధారణంగా అంగీకరించిన మాట.

అభిమాన రచయిత్రి పని చేసే పద్ధతులు మూడు నాలుగు విధాలుగా కనిపిస్తున్నవి.

మొదటిది, విడిచిపెట్టిన ఘట్టాన్ని పూరించడం. తెరమీద రెండు దృశ్యాల మధ్య ఒక రాత్రి గడిచిపోతుంది. ఆ రాత్రి ఆమె ఏమి ఆలోచించింది? తల్లి మార్తాతో క్లార్క్ ఏమి చెప్పుకొన్నాడు? కెమెరా పోని చోటికి కలం పోతుంది.

రెండవది, రహస్యం బయటపడే ఘట్టాన్ని మళ్ళీ మళ్ళీ వ్రాయడం. లోయిస్‌కు నిజం తెలిసే తీరును అభిమానులు ఎన్నో విధాలుగా ఊహించారు. అతడు ముందే చెప్పి ఉంటే? ఆమె తెలిసికొని కూడ తెలియనట్లు నటించి ఉంటే? ఒకే రాగాన్ని గాయకుడు అనేక విధాలుగా ఆలాపించినట్లు, ఒకే సన్నివేశం చుట్టూ ఎన్నో కథలు పుట్టినవి.

మూడవది, 'ఇట్లా జరిగి ఉంటే' అనే ఊహాలోకం. దీనికి మూలంలోనే బీజమున్నది. 1996 జనవరి ప్రాంతంలో ప్రసారమైన ఒక భాగంలో లోయిస్ మరొక లోకానికి కొనిపోబడుతుంది. అక్కడ కూడ ఒక క్లార్క్ ఉన్నాడు. ఆ లోకంలోని లోయిస్ మాత్రం ఎప్పుడో ఆఫ్రికాలో అదృశ్యమైపోయింది. వచ్చిన లోయిస్ తిరిగి వెళ్ళిపోతుంది. ఒంటరి క్లార్క్ అక్కడనే మిగిలిపోతాడు. ధారావాహిక అతణ్ణి అటుపై పెద్దగా పట్టించుకోలేదు. అభిమానులు మరచిపోలేదు. అతనికి తోడు వెదకిపెట్టడానికి వ్రాసిన కథలు ఎన్నో ఉన్నవి. అభిమాన రచనకు ప్రాణం ఇదే. మూలకర్త మరచిపోయినవారిని పాఠకుడు గుర్తుంచుకొంటాడు.

నాలుగవది, మా విద్యార్థిని చేసిన పని. ఆగిన చోటునుంచి కొనసాగించడం.

ఈ రచనకు నియమాలు లేవనుకొంటే పొరపాటు. మూలకథలో జరిగినదానిని 'కానన్' అంటారు. ప్రామాణికం అని దాని అర్థం. పాత్ర మాట తీరు, గుణం, గతం మూలానికి విరుద్ధంగా ఉంటే తోటి అభిమానులు క్షమించరు. ముసాయిదాను మరొక అభిమానికి చూపి, తప్పులు దిద్దించుకొని, తరువాతనే నలుగురికి ఇచ్చే ఆచారం ఉన్నది. రచయిత్రి తన్ను తానే కథలోకి చొప్పించుకొని, సకలగుణ సంపన్నగా చిత్రించుకొంటే ఎగతాళి చేస్తారు. ఆ ఎగతాళి కోసం 1973లో 'స్టార్ ట్రెక్' అభిమానుల పత్రిక ఒకదానిలో పాలా స్మిత్ అనే ఆమె మేరీ స్యూ అనే హాస్యపాత్రను సృష్టించింది. ఆ పేరు ఈనాటికీ విమర్శలో వాడుకలో ఉన్నది. తమ రచనలోని దోషానికి తామే పేరు పెట్టుకొన్నవారిని సోమరులనడం న్యాయం కాదు.

ఆక్షేపణలు – సమాధానాలు

ఇటువంటి రచనమీద పెద్దలు చేసే ఆక్షేపణలలో మొదటిది, ఇందులో స్వతంత్రత లేదన్నది. మేము ఆ అమ్మాయికి చెప్పినది కూడ అదే. దీనికి సూపర్‌మాన్ జన్మవృత్తాంతమే సమాధానం చెబుతున్నది.

ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరంలో గ్లెన్‌విల్ ఉన్నత పాఠశాలలో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు విద్యార్థులు ఉండేవారు. ఇద్దరూ 1914లో జన్మించినవారు. వలస వచ్చిన యూదు కుటుంబాల బిడ్డలు. సీగెల్‌కు అద్భుత కథలంటే ప్రాణం. పాఠశాల పత్రికలో అతడు అచ్చువేసిన వ్రాతలలో, ఆనాడు ప్రసిద్ధుడైన టార్జాన్‌ను అనుకరిస్తూ వ్రాసిన హాస్యకథ ఒకటి. అనగా పరాయి పాత్రతో ఆడుకొన్న పిల్లవాని వ్రాత! తరువాత అతడు మిత్రుని సహాయంతో సైక్లోస్టైల్ పద్ధతిలో 'సైన్స్ ఫిక్షన్' అనే చిన్న అభిమాన పత్రిక నడిపాడు. 1933 జనవరిలో ఆ పత్రికలోనే 'సూపర్‌మాన్' అనే పేరు వారి కథలో మొదటిసారి కనిపించింది. ఆ కథలో అతడు వీరుడు కాదు, దుష్టుడు. ఆ పేరును పట్టుకొని మళ్ళీ మళ్ళీ దిద్దుకొంటూ పోతే ఐదు సంవత్సరాలకు నేడు మనకు తెలిసిన వీరుడు ఏర్పడ్డాడు. అతని నిలువుతీరుకు డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ అనే నటుడు, క్లార్క్ అమాయకపు తీరుకు హెరాల్డ్ లాయిడ్ అనే హాస్యనటుడు స్ఫూర్తి. చూచినవి, చదివినవి, మెచ్చినవి అన్నీ కలిపి రుబ్బిన పిండి అది. పాఠశాల పత్రిక, సైక్లోస్టైల్ కాగితాలు లేకపోతే ఆ పిల్లల చేయి ఎక్కడ తిరిగేది?

మన సంప్రదాయాన్ని చూచినా ఇదే తోస్తుంది. వ్యాసభారతంలో అభిమన్యుని వివాహం ఉత్తరతో జరిగింది. బలరాముని కుమార్తె శశిరేఖ అందులో లేనే లేదు. ఆమెను, ఆమె ప్రేమను, మాయాశక్తులుగల ఘటోత్కచుడు ఆమె రూపం ధరించి చేసిన అల్లరిని కల్పించి చేర్చినవారు అనంతర కథకులు. ఆ కల్పనయే నాటకమై, 1957లో 'మాయాబజార్' చిత్రమై తెలుగు ఇంటింటా నిలిచింది. ఉర్దూలో చూడండి. అమీర్ హమ్జా దాస్తాన్ ఎన్నో దేశాలు తిరిగి వచ్చిన కథ. 19వ శతాబ్దం చివర లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం కోసం ముహమ్మద్ హుసేన్ జాహ్, అహ్మద్ హుసేన్ కమర్ వంటి దాస్తాన్‌గోలు దానిలోనుంచి 'తిలిస్మె హోష్‌రుబా' అనే మహా మాయాలోకాన్ని విస్తరింపజేశారు. ఒకరు విడిచిన చోట మరొకరు అందుకొన్నారు. కథను ప్రేమించినవాడు కథను పెంచడం రెండు భాషలకూ అలవాటైన పనే.

అయితే ఒక భేదం ఉన్నది. దానిని దాచడం నిజాయితీ కాదు. శశిరేఖకు, హమ్జాకు యజమానులు లేరు. క్లార్క్‌కు, లోయిస్‌కు ఉన్నారు. ఇదే రెండవ ఆక్షేపణ. పరుల సొత్తు వాడుకోవడం చౌర్యం కాదా అన్నది. చట్టం దృష్టిలో ఈ ప్రశ్న తేలికైనది కాదు. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఒక రచనను మార్చి మరొక రూపంలో వెలువరించే హక్కు దాని హక్కుదారుకే ఉంటుంది. అమెరికాలో సూపర్‌మాన్ మొదటి కథమీది హక్కు 95 సంవత్సరాలు నిండి, 2034 జనవరి 1న సర్వజన సొత్తు అవుతుంది. అందువల్లనే అభిమాన రచయితలు పాత్రలు తమవి కావని మొదటనే ఒప్పుకొంటారు, కథలను అమ్ముకోరు. అది పూర్తి రక్షణ కాకపోయినా మర్యాద.

యాజమాన్యం మాట వచ్చినది కనుక ఒక సంగతి స్మరించాలి. సీగెల్, షూస్టర్‌లు 1938లో సూపర్‌మాన్‌పై తమ సర్వహక్కులను 130 డాలర్లకు వ్రాసి ఇచ్చివేశారు. ఆ పాత్రమీద ఇతరులు కోట్లు గడించారు. న్యాయస్థానాల చుట్టూ తిరిగి, వయస్సు మళ్ళి, చూపు మందగించి, ఇద్దరూ ఇబ్బందులు పడ్డారు. 1975 చివరలో పత్రికలలో గొడవ చెలరేగిన తరువాత, అప్పటి హక్కుదారు సంస్థ ఇద్దరికీ సంవత్సరానికి 20,000 డాలర్ల చొప్పున భృతి ఇచ్చి, సృష్టికర్తలుగా వారి పేర్లు వేయడానికి అంగీకరించింది. హక్కుపత్రం ఎవరి చేతిలో ఉన్నదన్నది ఒక ప్రశ్న. పాత్రను ఎవరు ప్రేమించారన్నది వేరొక ప్రశ్న. రెండింటిని కలిపివేయరాదు.

మూడవ ఆక్షేపణ, ఇది కాలహరణం అన్నది. దీనికి ఒక్క మాట చాలు. ఒక ధారావాహికను చూచి మరచిపోవడం కాలహరణం కావచ్చు. దాని లోపం ఎక్కడ ఉన్నదో వెదకి, దానిని పూరించడానికి వాక్యాలు కూర్చడం విద్య. 2019లో ప్రపంచ విజ్ఞాన కల్పనా సాహిత్యాభిమానులు ఇచ్చే హ్యూగో పురస్కారం అభిమాన రచనల భాండాగారం ఒకదానికి లభించడం ఈ శ్రమకు దక్కిన గుర్తింపు.

నాలుగు పుటల కథ

ఆ విద్యాసంవత్సరం ముగిసేలోగా ఆ అమ్మాయిని పిలిచి, కథ మళ్ళీ చూపమని అడిగాను. ఆమె కొంచెం సందేహించి, మరునాడు తెచ్చి ఇచ్చింది.

కథ చాల చిన్నది. ఊయలలో బిడ్డ నిద్రపోతుంటుంది. క్లార్క్ ఆ బిడ్డ ఎక్కడినుంచి వచ్చినదో కనుగొనడానికి రాత్రంతా ఆకాశంలో తిరుగుతాడు. లోయిస్ ప్రశ్నలు అడగడమే వృత్తిగా బ్రతికిన మనిషి. ఆ రాత్రి ఆమె ఒక్క ప్రశ్న కూడ అడగదు. బిడ్డ లేస్తే పాలు పట్టడం ఎట్లాగో తెలియక అత్తగారు మార్తాకు అర్ధరాత్రి ఫోన్ చేస్తుంది. తెల్లవారుతుండగా క్లార్క్ ఏమీ కనుగొనలేక తిరిగి వస్తాడు. తనను కూడ ఒకనాడు ఎవరో ఇట్లాగే ప్రశ్నలు అడగకుండా ఎత్తుకొన్నారని అతనికి అప్పుడు స్ఫురిస్తుంది. కథ అక్కడితో సమాప్తం. బిడ్డ ఎవరో ఆమె కూడ చెప్పలేదు! చెప్పనవసరం లేదని తేల్చింది.

భాషలో తప్పులు ఉన్నవి. విభక్తులు అక్కడక్కడ తడబడినవి. కాని మూలకథ తొలి ఘట్టానికి, చివరి ఘట్టానికి ముడి వేసిన ఆ ఊహ నేను చదివిన విమర్శలలో ఎక్కడా కనిపించలేదు.

"ఇది నీకు ఎట్లా తోచిందమ్మా?" అని అడిగాను.

"మా ఖాలాకు పిల్లలు లేరు సార్. మా చిన్న తమ్ముణ్ణి ఆమే పెంచుకొంటున్నది. వాడు ఎవరి బిడ్డ అని వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. ఆమె జవాబు చెప్పదు. వాడికి అన్నం పెడుతూ ఉంటుంది" అన్నది.

ఆమె స్వంత కథ వ్రాసి తీసుకొని రమ్మని మేము చెప్పినాము. ఆమె తెచ్చినది స్వంత కథే. పరాయి పేర్లు తొడిగి తెచ్చింది, అంతే. తన ఇంటి సంగతిని తన ఇంటి పేర్లతో చెప్పే ధైర్యం పంతొమ్మిది సంవత్సరాల వయస్సులో అందరికీ ఉండదు. లోయిస్ పేరు ఆమెకు ఒక పరదా. క్లార్క్ కళ్ళద్దాల వెనుక దాగినట్లే ఆమె ఆ పేరు వెనుక నిలిచి మాట్లాడింది. మేము కళ్ళద్దాలు మాత్రం చూచి పంపివేశాము.

ముగింపు

కళాశాల సంఘం పెద్దలకు నా విన్నపం ఒక్కటే. అభిమాన రచనలను సంచికలో అచ్చువేయడానికి చట్టపరమైన చిక్కులు ఉన్నమాట నిజమే. ప్రచురించకపోవడం తప్పు కాకపోవచ్చు. చదవకుండా త్రిప్పి ఇవ్వడం మాత్రం తప్పు. ఆ తప్పులో నా పాలు నేను ఒప్పుకొంటున్నాను. చదివి, కూర్చోబెట్టి, "ఈ కథలో నీది ఏది?" అని అడిగే ఉపాధ్యాయుడు ఒకడు సంపాదకవర్గంలో ఉంటే, తరువాతి సంచికకు ఆ విద్యార్థి తన స్వంత పేర్లతో వ్రాయగలుగుతాడు.

విద్యార్థినీ విద్యార్థులకు మూడు మాటలు. మీకు నచ్చిన పాత్రలతో వ్రాయడానికి సిగ్గుపడవద్దు. మూలం ఎవరిదో మొదటనే చెప్పండి, దానితో ధనం సంపాదించే ఆలోచన పెట్టుకోవద్దు. వ్రాసిన తరువాత ఆ పేర్లు తీసివేసి చదివి చూడండి. అప్పుడు కూడ కథ నిలిచి ఉంటే, అది మీదే.

ఆ విద్యార్థిని ఇప్పుడు చదువు ముగించి వెళ్ళిపోయింది. ఖాలాను గూర్చి, ఖాలా పేరుతోనే ఒక కథ వ్రాస్తానని వెళ్ళేముందు నాతో అన్నది. ఆ కథ ఈ సంచిక సంపాదకుల బల్లమీదికి వచ్చిన నాడు, దయచేసి చివరి పుట వరకు చదవండి.